మన గుమ్మం ముందు మొక్క పేరేంటి?



ఈ నెల ఆరో తరగతి పిల్లలకు సైన్స్‌లో 'ప్లాంట్ డైరీ' ప్రాజెక్టు ఇచ్చాం. ఇంట్లో, అపార్ట్‌మెంట్ ఆవరణలో, స్కూల్ బస్సు కోసం నిలబడే చోట అందం కోసం పెంచే మొక్కల్లో పన్నెండింటిని గుర్తుపట్టాలి, ఆకు బొమ్మ గీయాలి, పేరు రాయాలి. వినడానికి తేలికే. కానీ మర్నాటి నుంచే పిల్లల డైరీల్లో మీ నోట్లు రావడం మొదలైంది. "మా బాల్కనీలో ఉన్నవన్నీ క్రోటన్సే, పన్నెండు రకాలు ఎక్కడి నుంచి తేవాలి?" అని ఒకరు అడిగారు. "ఫోన్‌లో ఫొటో తీస్తే ఒక్కోసారి ఒక్కో పేరు చూపిస్తోంది, ఏది రాయమంటారు?" అని ఇంకొకరు. "మేం తెలుగు మీడియంలో చదివాం మేడమ్, ఇంగ్లిష్ పేర్లు తెలియవు, మా అమ్మాయికి ఎలా సాయం చేయాలి?" అని ఒక అమ్మగారు రాశారు.

ఆ మూడో నోట్ చదివాకే ఈ వ్యాసం రాయాలనిపించింది. నిజం చెప్పాలంటే ఈ ప్రాజెక్టులో పిల్లలకు మీకంటే బాగా సాయం చేయగలిగినవాళ్లు తక్కువ. మీకంటే ఇంకా బాగా చేయగలిగేది ఇంట్లో ఉన్న అమ్మమ్మో నానమ్మో. పిల్లలు 'ఓలియాండర్' అని చక్కగా పలుకుతున్నారు, స్పెల్లింగ్ కూడా తప్పు లేకుండా రాస్తున్నారు. కానీ అది గన్నేరని వాళ్లకు తెలియదు. గన్నేరని తెలియకపోతే, అది నోట్లో పెట్టుకోకూడదన్న సంగతీ తెలియదు. మన పెద్దవాళ్లకు ఆ రెండూ ఒకే మాటతో అందాయి. పిల్లల దగ్గర పేరు మాత్రమే ఉంది, దాని వెనకున్న హెచ్చరిక దారిలో ఎక్కడో జారిపోయింది.

కాబట్టి దీన్ని మార్కుల పనిగా మాత్రమే చూడకండి. మనం డబ్బు పెట్టి కొని, కుండీలో పెట్టి, రోజూ నీళ్లు పోసి పెంచే మొక్కల్లో కొన్ని విషపు మొక్కలు. వాటిని పీకి పారేయమని నేను చెప్పను. ఏది ఏమిటో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలన్నదే నా మాట.

పువ్వు కంటే ముందు ఆకు చూడండి

మొక్క అనగానే అందరి చూపూ పువ్వు మీదికే పోతుంది. పువ్వు ఏడాదంతా ఉండదు, ఆకు ఉంటుంది. పైగా ఇంటి లోపల పెంచే మొక్కల్లో చాలా వాటికి పువ్వు రావడమే అరుదు. అందుకని పిల్లలకు మొదట నేర్పేది ఆకు కాండాన్ని అంటుకున్న చోటు చూడమని. ఆ చోటును కణుపు అంటాం.

ఒక్కో కణుపు దగ్గర ఎన్ని ఆకులున్నాయి? ఒక్కటే ఉండి, పైకి పోయేకొద్దీ అటొకటి ఇటొకటిగా వస్తే ఏకాంతరం. రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటే అభిముఖం. మూడుగానీ అంతకన్నా ఎక్కువగానీ చుట్టూ ఉంటే చక్రీయం. ఈ మాటలు ఎక్కడో విన్నట్టు అనిపిస్తోందా? మీరు హైస్కూల్లో 'పత్రవిన్యాసం' అనే పాఠంలో చదువుకున్నవే. మీ అబ్బాయి ఇప్పుడు 'ఆల్టర్నేట్, ఆపోజిట్, హోర్ల్డ్' అని బట్టీ పడుతున్నది సరిగ్గా ఆ పాఠమే. వాడికి ఇంగ్లిష్ మాట తెలుసు, మీకు తెలుగు మాట తెలుసు. ఇద్దరూ కలిసి మందారం దగ్గర ఒకసారి, నందివర్ధనం దగ్గర ఒకసారి నిలబడితే చాలు. మందారానికి కణుపుకో ఆకు, నందివర్ధనానికి జంటగా రెండు.

రెండో సంగతి కాస్త తికమక పెడుతుంది. ఏది ఒక ఆకు? వంటింట్లోంచి కరివేపాకు రెమ్మ ఒకటి తెచ్చి ఇందులో ఎన్ని ఆకులున్నాయని మీ పిల్లల్ని అడగండి. పదిహేనో ఇరవయ్యో లెక్కపెడతారు. సరైన జవాబు ఒకటి. మనం పోపులో దూసి వేసేవన్నీ చిట్టి ఆకులు, వృక్షశాస్త్రంలో వాటిని పత్రకాలంటారు. రెమ్మ మొత్తం కలిపి ఒకే ఆకు, సంయుక్త పత్రం. దీన్ని కనిపెట్టడానికి ఒక గుర్తుంది. నిజమైన ఆకు కాండాన్ని అంటుకున్న చోట, ఆకు పైవంపులో చిన్న మొగ్గ ఉంటుంది. చిట్టి ఆకుల మొదట్లో ఆ మొగ్గ ఉండదు. వేప కూడా ఇంతే. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన ఊళ్లలో అందరూ తప్పు పేరుతో పిలిచే ఒక చెట్టు గుట్టు బయటపడుతుంది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

మూడోది, రాలిన ఆకు తొడిమను చూడటం. తెల్లటి పాలు కారుతున్నాయా, నీళ్లలాంటి రసమా, ఏమీ లేదా? పాలు కారే మొక్కల్ని పిల్లలు చేత్తో ముట్టుకోకుండా పెద్దవాళ్లే చూడాలి. చూశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కడుక్కునే దాకా కళ్లు నలుపుకోకూడదు. ఈ నియమం క్లాసులో నేను రోజూ చెబుతున్నాను, ఇంట్లో మీరూ చెప్పండి.

గన్నేరు వాళ్ల ఇల్లు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద రెండు దారుల మధ్య డివైడర్‌లో గులాబీ, తెలుపు, ఎరుపు పూలతో కనిపించేది గన్నేరు. ఎండను తట్టుకుంటుంది, నీళ్లు పెద్దగా అడగదు, పశువులు దాని జోలికి పోవు. రోడ్డు వేసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? పశువులు ఎందుకు పోవో పిల్లల్ని అడగండి, జవాబు వాళ్లే చెబుతారు.

దాన్ని గుర్తుపట్టడం చాలా తేలిక. ఆకు సన్నగా, పొడుగ్గా, తోలులా మందంగా ఉంటుంది. మధ్య ఈనె స్పష్టంగా కనిపిస్తుంది. కణుపుకు సాధారణంగా మూడు ఆకులు, అంటే చక్రీయం. శాస్త్రీయ నామం నీరియం ఓలియాండర్. ఆ పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్, 1753లో అచ్చయిన తన పుస్తకంలో. ఈ మొక్కలో ఆకు, పువ్వు, కాండం, వేరు అన్నీ విషమే. గుండె కొట్టుకునే లయను దెబ్బతీసే పదార్థాలు ఇందులో ఉన్నాయి. ఎండిన కొమ్మల్ని పొయ్యిలో పెట్టినా ఆ పొగ మంచిది కాదు. అపార్ట్‌మెంట్‌లో కొమ్మలు కత్తిరించాక చెత్తతో కలిపి కాల్చే అలవాటు ఉంటే, వాచ్‌మన్ గారికి ఈ ముక్క చెప్పండి.

దీని బంధువు పచ్చ గన్నేరు. పసుపు రంగులో గంటలాంటి పువ్వు, శివుడి పూజకు కోసుకెళ్తారు. మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చిన మొక్క ఇది, అయినా మన గుడి ఆవరణల్లో మనదే అన్నట్టు కుదురుకుంది. ఆకులు ఇంకా సన్నగా ఉంటాయి. మూడేసి కాకుండా ఒక్కొక్కటిగా కొమ్మ చుట్టూ వస్తాయి. గిల్లితే తెల్లటి పాలు కారతాయి. కాయ ఆకుపచ్చగా, అంచు తేలి ఉండి, పండాక నల్లబడుతుంది. లోపల గట్టి పెంకు, దానిలో గింజ. గన్నేరు పప్పు విషమని పల్లెలో ఏ పెద్దావిడను అడిగినా చెబుతుంది. నిజంగానే మొక్క మొత్తంలో విషం బాగా పేరుకునేది ఆ గింజలోనే. పిల్లలు ఆటలో కాయలు ఏరుకుని కొట్టి చూసే వయసులో ఉన్నప్పుడు, మీ గేటు పక్కనే ఈ చెట్టుంటే కింద రాలిన కాయల్ని రోజూ ఊడ్పించండి. చెట్టు కొట్టేయాలా అని అడుగుతారేమో. చిన్న పిల్లలు ఆడుకునే చోట అయితే నేను కొట్టేయమనే అంటాను. దేవుడికి ఇంకా చాలా పూలున్నాయి.

ఇదే కుటుంబంలో ఇంకా చాలామంది ఉన్నారు. దేవగన్నేరు, నందివర్ధనం, బిళ్ళ గన్నేరు, పసుపు పూల అల్లమండ, లావుపాటి మొదలుతో కుండీల్లో అమ్మే అడీనియం. అడీనియాన్ని నర్సరీవాళ్లు ఎడారి గులాబీ అంటారు గానీ గులాబీకీ దానికీ చుట్టరికం లేదు. గన్నేరులో ఉన్నలాంటి విషమే అడీనియంలోనూ ఉంది. పువ్వుల్ని చూస్తే పోలిక తెలుస్తుంది. ఐదు రేకులు, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి, గాలిమర తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఈ 'గాలిమర పువ్వు' గుర్తు, పాలు కారే గుర్తు రెండూ కలిస్తే గన్నేరు కుటుంబమేమో అని అనుమానించాల్సిందే. నందివర్ధనం, దేవగన్నేరు పచ్చ గన్నేరంత ప్రమాదకరం కాకపోయినా నోట్లో పెట్టుకునేవి మాత్రం కావు.

బిళ్ళ గన్నేరు గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ చిన్న మొక్క సిమెంటు పగుళ్లలో కూడా మొలిచి పూస్తుంది. 1950లలో దీని ఆకుల నుంచి విన్‌బ్లాస్టిన్, తర్వాత విన్‌క్రిస్టిన్ అనే మందులు బయటికొచ్చాయి. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ ఇవాళ్టికీ ముఖ్యమైన మందు. ఇది విని, ఆకులు నమిలితే మంచిదని ఎవరూ అనుకోవద్దు. షుగర్ తగ్గుతుందని పొద్దున్నే నాలుగు ఆకులు నమిలేవాళ్లున్నారు. మందు అంటే కొలత. డాక్టరు మిల్లీగ్రాముల్లో కొలిచి ఇచ్చేదాన్ని మనం గుప్పెడుతో కొలవలేం కదా.

అన్నట్టు, ఈ కుటుంబంలో మన వృత్తికి దగ్గరి చుట్టం కూడా ఉంది. ఏడాకుల పాల. నగరాల్లో రోడ్ల పక్కన వరసగా నాటారు. చలికాలం మొదలయ్యే రోజుల్లో సాయంత్రం దాటాక ఘాటైన వాసన వేసేది ఇదే. కొందరికి అది పరిమళం, కొందరికి తలనొప్పి. కణుపు చుట్టూ గొడుగులా ఆకులు పరుచుకుంటాయి. ఏడే ఉండాలని లేదు, లెక్కపెట్టి రాయమనండి. దీని శాస్త్రీయ నామం ఆల్‌స్టోనియా స్కాలరిస్. ఆ 'స్కాలరిస్' అన్నమాట బడికి సంబంధించినది. ఒకప్పుడు దీని చెక్కతో పిల్లల రాత పలకలు చేసేవారు. శాంతినికేతన్‌లోని విశ్వభారతి స్నాతకోత్సవంలో పట్టభద్రులకు ఇచ్చేదీ ఈ చెట్టు ఆకులే.

మనీ ప్లాంట్, కంద, చేమ: ఒకే కుటుంబం

ఇప్పుడు ఇంటి లోపలికి వద్దాం. కంద కోసినప్పుడు చేతులు దురద పెట్టడం మీకు అనుభవమే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని సామెత కూడా ఉంది మనకు. ఆ దురదకు కారణం కాల్షియం ఆక్సలేట్. కంద, చేమదుంప (తెలంగాణలో చామగడ్డ) కణాల్లో ఇది కంటికి కనిపించనంత సన్నటి సూదుల్లా కట్టలు కట్టలుగా ఉంటుంది. తాకితే చర్మంలో, కొరికితే నాలుకలో, గొంతులో గుచ్చుకుంటుంది. అందుకే కందను బాగా ఉడికించి, చింతపండు వేసి వండుతాం.

ఈ కంద, చేమ కుటుంబమే మన డ్రాయింగ్ రూముల్లో సగం ఆక్రమించింది! మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా, అగ్లోనిమా, సింగోనియం, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, ఆంథూరియం, పీస్ లిల్లీ, జీజీ ప్లాంట్ అన్నీ ఆ ఇంటివే. తోపుడు బండి మీద అమ్మే అతను వీటిలో రంగు ఉన్న ప్రతిదాన్నీ 'క్రోటన్' అంటాడు. అసలు క్రోటన్ వేరు. అది ఆముదం కుటుంబానికి చెందిన పొద, ఆకులు దళసరిగా, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ కలిసిన మచ్చలతో ఉంటాయి. కాబట్టి "అన్నీ క్రోటన్సే" అని రాసిన నాన్నగారూ, మీ బాల్కనీలో కనీసం ఐదు రకాలుంటాయని నా నమ్మకం. ఒకసారి మళ్లీ చూడండి.

మనీ ప్లాంట్ సొంతూరు పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా అనే చిన్న దీవి. సీసాలో పెడితే ఆకు అరచేతిలో సగం ఉంటుంది. అదే తీగను పెరట్లో మామిడి చెట్టుకు పాకిస్తే ఆకు చేటంత అయి, అంచులు చీలిపోతాయి. రెండూ ఒకే మొక్క అంటే పిల్లలు నమ్మరు. ఇది పూయగా మీరు ఎప్పుడూ చూసి ఉండరు. పూత రావడానికి కావలసిన గిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను తయారుచేసుకోవడంలో దీనికి జన్యులోపం ఉందని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. హృదయాకారపు ఆకులున్న ఫిలోడెండ్రాన్‌ను చాలామంది దీనితో కలిపేస్తారు. తేడా కావాలంటే కొత్త ఆకు వచ్చేటప్పుడు చూడండి. ఫిలోడెండ్రాన్ కొత్త ఆకు చుట్టూ పలుచటి తొడుగు ఉండి, ఆకు విచ్చుకున్నాక అది ఎండి రాలుతుంది. మనీ ప్లాంట్‌కు అలాంటి తొడుగు ఉండదు.

ఈ కుటుంబంలో కాస్త ఎక్కువ జాగ్రత్త పడాల్సింది డైఫెన్‌బేకియాతో. లావుపాటి చెరకు గడలాంటి కాండం, పెద్ద ఆకు మధ్యలో తెలుపు, మీగడ రంగు మచ్చలు. దీన్ని కొరికితే నాలుక, పెదవులు వాచి మాట సరిగా రాదు. ఇంగ్లిష్‌లో దీనికి 'డంబ్ కేన్' అనే పేరు వచ్చింది అందుకే. ప్రాణం మీదికి రావడం చాలా అరుదు గానీ, పాకే పాప, నడక నేర్చిన బాబు ఇంట్లో ఉంటే నేల మీద కుండీలో మాత్రం వద్దు. అలమర పైకి ఎక్కించండి, లేదా పిల్లవాడు పెద్దయ్యేదాకా పక్కింటివాళ్లకు ఇవ్వండి. (వాళ్లింట్లోనూ చిన్నపిల్లలు లేరని చూసుకుని!)

సీసాల్లో, గాజు గిన్నెల్లో మొక్కలు పెట్టేవాళ్లకు ఇంకో మాట. డెంగీ తెచ్చే దోమ మన ఇంట్లోని శుభ్రమైన నీళ్లనే వెతుక్కుంటుంది. వారానికి ఒకసారి నీళ్లు పూర్తిగా పారబోసి, సీసా లోపలి గోడల్ని రుద్ది కడగాలి. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు మార్చడం ఒక్కటే సరిపోదు.

పేరు చూసి మోసపోయేవి

స్కూళ్లలో, కాలనీల్లో ప్రహరీ వెంట నిటారుగా స్తంభాల్లా నిలబడే చెట్టును అందరం అశోక చెట్టు అంటాం. పోయినేడాది డైరీల్లో చాలామంది పిల్లలు దాని బొమ్మ గీసి, పక్కన సీతమ్మను కూర్చోబెట్టారు. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, చెట్టే వేరు. అది నరమామిడి. సీతాఫలం కుటుంబానికి చెందింది. ఆకు పొడుగ్గా, అంచులు అలల్లా వంకరగా, ఒక్కొక్కటి విడివిడిగా ఉంటుంది, అంటే సరళ పత్రం. అసలైన అశోకానికి ఉండేది కరివేపాకులాగా సంయుక్త పత్రం. లేత ఆకులు రాగి రంగులో మెత్తగా వేలాడతాయి, పూలు నారింజ, ఎరుపు రంగుల్లో గుత్తులుగా పూస్తాయి. పైన చెప్పిన మొగ్గ గుర్తుతో పిల్లలే తేల్చగలరు.

లక్కీ బాంబూ వెదురు కాదు, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా. అరెకా పామ్ మన వక్క చెట్టు కాదు, మడగాస్కర్ నుంచి వచ్చిన వేరే తాటి జాతి. సైకస్ తాటిలా కనిపిస్తుంది కానీ తాటికీ దానికీ సంబంధమే లేదు. దానికి పువ్వు, పండు ఉండవు, పైన్ చెట్లలాగా శంకువులు వస్తాయి. దాని గింజలు కాలేయానికి విషం. కాగితం పూల మొక్క, అదే బోగన్‌విల్లియాలో రంగురంగుల 'రేకులు' నిజానికి రేకులు కావు, రంగు మారిన ఆకులు. మూడు రంగు ఆకుల మధ్య సన్నటి గొట్టంలాంటి తెల్లటివి కనిపిస్తాయే, అవే పువ్వులు.

ముళ్లున్న ప్రతిదీ కాక్టస్ అనుకోవడం మరో పొరపాటు. తెలుగులో మనం నాగజెముడు, కాడజెముడు అని అన్నింటినీ జెముళ్లలో కలిపేశాం. నాగజెముడు అసలైన కాక్టస్, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. కాడజెముడు యూఫోర్బియా. కుండీల్లో ఎర్రటి చిన్న పూలతో, ఒళ్లంతా ముళ్లతో అమ్మే క్రౌన్ ఆఫ్ థార్న్స్ కూడా యూఫోర్బియానే. కాక్టస్ ముళ్లు చిన్న చిన్న మెత్తటి దిండ్లలాంటి చోట్ల నుంచి గుత్తిగా వస్తాయి, యూఫోర్బియాకు ఆ దిండ్లు ఉండవు, గాటు పడితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే కంటికి బాగా హాని జరుగుతుంది. కత్తిరించేటప్పుడు కళ్లజోడు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇంకొకటి, కలబంద అనుకుని కిత్తనార ఆకు తెచ్చి ముఖానికి రాసుకునేవాళ్లున్నారు. కలబంద ఆకు విరిస్తే లోపల స్వచ్ఛమైన జిగురు ఉంటుంది, నార ఉండదు. కిత్తనార ఆకు విరగదు, నార సాగుతుంది, చివర గట్టి ముల్లు ఉంటుంది. దాని రసం చర్మం మీద పడితే మంట, దద్దుర్లు.

అపార్ట్‌మెంట్ల ముందు పచ్చగా, లేత పసుపు ఆకులతో కంచెలా కత్తిరించి పెంచే డురాంటాను కూడా గమనించండి. కత్తిరిస్తూ ఉంటే ఫరవాలేదు. వదిలేస్తే ఊదా పూలు పూసి, పసుపు పూసల్లాంటి పండ్లు కాస్తుంది. చూడటానికి మిఠాయిల్లా ఉంటాయి, తినడానికి విషం. ఇక రోడ్ల పక్కన నున్నగా కత్తిరించిన పచ్చటి కోనోకార్పస్ గురించి చాలామంది అడిగారు. దాని వల్ల వచ్చే ఇబ్బందుల్ని చూసి గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటడం నిషేధించింది. డైరీలో రాయొచ్చు, శంకువులాంటి చిన్న గుండ్రటి కాయలే దాని గుర్తు. ఇంటి ముందు కొత్తగా నాటాలనుకునేవాళ్లు మాత్రం వేపనో కానుగనో చూసుకోండి.

ఫోన్ యాప్‌ల సంగతి. పువ్వు ఉంటే అవి బాగానే చెబుతాయి, ఉత్త ఆకు చూపిస్తే తడబడతాయి. మొక్క మొత్తం, కణుపు, ఆకు వెనకవైపు, ఇలా మూడు ఫొటోలు తీసి చూడండి. ఒక్కోసారి రెండు పేర్లూ సరైనవే కావచ్చు. స్నేక్ ప్లాంట్‌ను మొన్నమొన్నటి దాకా సాన్సెవీరియా అనేవారు, ఇప్పుడు డ్రసీనాలో కలిపారు. ఏది రాసినా మార్కులు వేస్తాను. యాప్ చెప్పిన పేరును నమ్మి దేన్నీ తినడం, రాసుకోవడం మాత్రం వద్దు.

స్నేక్ ప్లాంట్ పేరెత్తాం కాబట్టి చెబుతున్నాను, గాలిని శుభ్రం చేస్తాయని రెట్టింపు ధర పెట్టి వీటిని కొనకండి. ఆ పేరు 1989లో నాసా చేసిన పరిశోధనతో వచ్చింది. కానీ అది మూతబిగించిన చిన్న పెట్టెల్లో చేసింది. మామూలు గదిలో కిటికీ తెరిస్తే వచ్చే ఫలితం రావాలంటే ప్రతి చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు పెట్టాలని 2019లో వెలువడిన ఒక సమీక్ష లెక్క కట్టింది. అందంగా ఉంది, కొనుక్కున్నాం అనుకుంటే అంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

పిల్లలు ఏదైనా ఆకు నమిలితే

నోట్లో మిగిలిన ముక్కల్ని వేలితో మెల్లగా తీసేయండి. నీళ్లతో పుక్కిలించమనండి. చేతులు, ముఖం కడగండి. వాంతి చేయించడానికి గొంతులో వేలు పెట్టకండి, ఉప్పునీళ్లు తాగించకండి. మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా లాంటివైతే చల్లటి నీళ్లుగానీ పాలుగానీ కొద్దికొద్దిగా ఇస్తే మంట తగ్గుతుంది. గొంతు వాచినట్టున్నా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా ఆసుపత్రికే.

గన్నేరు, పచ్చ గన్నేరు, అడీనియం, సైకస్, డురాంటా పండ్లు అయితే పిల్లవాడు బాగానే ఆడుకుంటున్నా ఆగకండి. 108కి ఫోన్ చేసి వెంటనే బయల్దేరండి. గన్నేరు ప్రభావం గుండె మీద కాబట్టి ఈసీజీ చూడగలిగే ఆసుపత్రికే వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసుకెళ్లండి. ఎప్పుడు, ఎంత తిన్నాడో గుర్తుపెట్టుకోండి. డాక్టరుకు మొదట కావలసింది మొక్క పేరే. అప్పుడు 'ఏదో క్రోటన్' అని చెబితే వాళ్లకు దారి దొరకదు. కంట్లో పాలు పడితే నలపకుండా కనీసం పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

డైరీ ఎలా నింపాలంటే

ఒక్కో మొక్కకు ఒక్కో పేజీ. ఇంగ్లిష్ పేరుతో పాటు తెలుగు పేరు కూడా రాయాలని ఈసారి తప్పనిసరి చేశాం. తెలుగు పేరు ఇంటర్నెట్‌లో వెతకొద్దు, ఇంట్లో పెద్దవాళ్లనో, వాచ్‌మన్ గారినో, పూలమ్మే ఆమెనో అడిగి రాయాలి. ఎవరు చెప్పారో కూడా పక్కన రాస్తే ఒక మార్కు. మీ ఊళ్లో పేరు వేరైతే ఆ వేరే పేరే రాయండి, దిద్దను. లక్కీ బాంబూ లాంటి వాటికి తెలుగు పేరు లేకపోతే 'లేదు' అని రాయొచ్చు. విషమని ఇంట్లో ఎవరైనా చెబితే పేజీ మూలన ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టమనండి.

మందారం పువ్వు ఒకటి తప్పకుండా పంపండి. మధ్యలో గొట్టం, దాని చివర ఐదు చుక్కల్లాంటి కీలాగ్రాలు, చుట్టూ పుప్పొడి, అన్నీ క్లాసులో విప్పి చూపిస్తాను. అది గోంగూరకు, బెండకు, పత్తికి చుట్టమని కూడా అప్పుడే చెబుతాను, మీరు ముందే చెప్పేయకండి! ఆకులు చెట్టు నుంచి తెంపకుండా రాలినవే ఏరి, పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి వారం రోజులు ఆరనివ్వండి. రోజు విడిచి రోజు కాగితాలు మార్చకపోతే బూజు పడుతుంది. గన్నేరు జాతులు, యూఫోర్బియాలు, సైకస్, డురాంటా మాత్రం బ్యాగులో టిఫిన్ బాక్సు పక్కన పెట్టి పంపొద్దు. వాటికి బొమ్మ గీసినా, ఫొటో అంటించినా పూర్తి మార్కులు ఇస్తాను.